కార్బన్ కణాలకు వెలుగు ఎక్కడి నుంచి వచ్చింది?

లేజర్‌తో తయారుచేసే కార్బన్ నానో పదార్థాల (మీటరులో వందకోట్లవ వంతు స్థాయిలో కొలిచే అతి సూక్ష్మ పదార్థాల) విషయంలో ఘనతంతా లేజర్‌కే దక్కుతోంది. చరిత్రను పరిశీలిస్తే, కణాలు పుట్టడం లేజర్ వల్లే అయినా, వాటి కాంతి గుణాలు మాత్రం ఆ తర్వాత జరిగిన రసాయన ప్రక్రియలతోనే బయటపడ్డాయని అర్థమవుతుంది.

1985లో అమెరికాలోని రైస్ విశ్వవిద్యాలయంలో హెరాల్డ్ క్రోటో, రాబర్ట్ కర్ల్, రిచర్డ్ స్మాలీ బృందం గ్రాఫైట్‌ను లేజర్‌తో ఆవిరి చేసి, ఆ ఆవిరిని హీలియంలో చల్లార్చినప్పుడు 60 పరమాణువుల కార్బన్ అణువు బయటపడింది. ఆ ముగ్గురికీ 1996లో నోబెల్ బహుమతి లభించింది. కానీ అప్పట్లో అది మాస్ స్పెక్ట్రోమీటర్‌లో (అణువుల ద్రవ్యరాశిని కొలిచే పరికరంలో) ఒక గుర్తుగానే మిగిలింది. కాంతిని ఎలా శోషిస్తుందో కొలవడానికి చాలినంత పదార్థం లేదు. 1990లో భౌతిక శాస్త్రవేత్తలు క్రెచ్‌మర్, హఫ్‌మన్ లేజర్ లేకుండానే, గ్రాఫైట్‌ను విద్యుత్తుతో వేడిచేసి, వచ్చిన మసిని బెంజీన్‌లో కరిగించాకే ఆ ఎర్రటి ద్రావణం శాస్త్రవేత్తల చేతికి వచ్చింది.

కార్బన్ పరమాణువుల పొర చుట్టుకుని ఏర్పడే నానో గొట్టాల విషయంలోనూ ఇదే జరిగింది. 1996లో స్మాలీ బృందం కోబాల్ట్, నికెల్ కలిపిన గ్రాఫైట్‌ను 1200 డిగ్రీల కొలిమిలో లేజర్‌తో ఆవిరి చేసి ఒంటిపొర గొట్టాలను పెద్ద మొత్తంలో రాబట్టింది. అయితే ఇలాంటి గొట్టాలు కట్టలుగా పెనవేసుకుపోతే కాంతి అణగిపోతుంది. సబ్బు వంటి పదార్థం కలిపిన నీటిలో వాటిని ఒక్కొక్కటిగా విడదీసినప్పుడు, 2002లో, సమీప పరారుణ ఫ్లోరసెన్స్ (కాంతిని పీల్చుకుని, కంటికి కనిపించని పరారుణ కాంతిగా తిరిగి వెదజల్లడం) కనిపించింది.

అన్నిటికన్నా స్పష్టమైన ఉదాహరణ 2006లో క్లెమ్సన్ విశ్వవిద్యాలయంలో యా-పింగ్ సన్ బృందం చేసిన ప్రయోగం. ఆర్గాన్, నీటి ఆవిరి మధ్య, 900 డిగ్రీల వద్ద గ్రాఫైట్‌పై లేజర్ ప్రయోగించగా వచ్చిన కణాలు వెలగలేదు. నైట్రిక్ ఆమ్లంలో గంటల తరబడి మరిగించినా వెలగలేదు. ఉపరితలానికి పాలిథిలీన్ గ్లైకాల్ అనే పాలిమర్ గొలుసులను అతికించాకే ప్రకాశవంతంగా వెలిగాయి. పైగా, ఉత్తేజపరిచే కాంతిని మార్చేకొద్దీ వెలుగు రంగు కూడా మారింది. వీటికే కార్బన్ డాట్లని పేరు.

నేటి వివాదానికి మూలం ఇక్కడే ఉంది. వెలుగు కణం గర్భానిదా, ఉపరితలానిదా, లేక తయారీలో పుట్టి అంటిపెట్టుకున్న చిన్న అణువులదా? లేజర్ లేకుండా సిట్రిక్ ఆమ్లం, అమైన్లను (నత్రజని ఉన్న సేంద్రియ పదార్థాలను) వేడిచేసి ఇలాంటి కణాలను తయారుచేసే పద్ధతిలో చాలాసార్లు వెలుగులో పెద్ద పాలు ఆ చిన్న అణువులదేనని తేలింది. గ్రాఫైట్, నీరు మాత్రమే వాడే లేజర్ పద్ధతిలో ఈ అనుమానానికి చోటు తక్కువ. గ్రాఫైట్‌ను సేంద్రియ ద్రవాల్లో ఉంచి లేజర్ ప్రయోగించినప్పుడు ఆ ద్రవమే విచ్ఛిన్నమై వెలిగే అణువులు పుట్టవచ్చు కాబట్టి, గ్రాఫైట్ లేకుండా ద్రవంపై మాత్రమే లేజర్ ప్రయోగించి చూడటం, డయాలసిస్‌తో (సన్నని రంధ్రాల పొర గుండా వడకట్టి) చిన్న అణువులను వేరుచేయడం తప్పనిసరి కావాలి.