పాతిక మిల్లీలీటర్ల ఎసెన్స్ ఎక్కడికి పోతుంది?

కొరియన్ షీట్ మాస్క్ అంటే ఎసెన్స్ అనే ద్రవంలో నానబెట్టి ముఖం మీద పరుచుకునే పలుచని గుడ్డ. దాని గురించి ఒక పాఠకురాలు అడిగారు: "ప్యాకెట్ మీద 20 నిమిషాలని ఉంది. నేను పూర్తిగా ఎండేదాకా, ఒక్కోసారి రాత్రంతా ఉంచేస్తున్నాను. ఎంతసేపుంటే అంత ఇంకుతుంది కదండీ?"

ఇంకదు. ఎందుకు ఇంకదో తెలియాలంటే ఒక చిన్న లెక్క చాలు. ఈ లెక్కంటే నాకు చాలా ఇష్టం.

చర్మంలో అన్నిటికంటే పైన ఉండేది స్ట్రాటమ్ కార్నియం. చచ్చి చదునైపోయిన కణాలు, వాటి సందుల్లో సెరమైడ్లనే కొవ్వులు, కొలెస్టరాల్, కొవ్వు ఆమ్లాలు. దాని మందం 15 మైక్రాన్లు, అంటే 0.0015 సెంటీమీటరు అనుకుందాం. మాస్క్ కప్పే చోటు 400 చదరపు సెంటీమీటర్లు అనుకుందాం. గుణిస్తే 0.6 ఘన సెంటీమీటర్లు. ముఖం మీది ఆ పొర మొత్తం కలిపినా టీస్పూనులో ఎనిమిదో వంతు! ప్యాకెట్లో ఉన్న ఎసెన్సేమో దాదాపు 25 మిల్లీలీటర్లు. ఆ పొర నీళ్లు తాగి రెట్టింపు లావైనా పట్టేది మరో 0.6 మిల్లీలీటరే, నలభై వంతుల్లో ఒక వంతు. మిగిలినదంతా గుడ్డలో, మెడ మీద, ప్యాకెట్ అడుగున, గాలిలో ఉంటుంది. బడిలో వ్యాపనం పాఠం చెప్పి నిర్వచనం రాయిస్తాం. ఇలాంటి లెక్క ఒక్కటి ఇస్తే పిల్లలకు ఎంత బాగుంటుందో!

మరి మాస్క్ తీశాక ముఖం నిగనిగలాడుతుంది కదా? అది నిజమే. ఆ పని చేసేది ఎక్కువగా గుడ్డ.

కిళ్లీకొట్టులో తమలపాకుల మీద తడిగుడ్డ కప్పి ఉంచుతారు. ఆకు తాజాగా ఉండేది గుడ్డలోని నీళ్లు తాగి కాదు, తన నీరు బయటికి పోకుండా ఆగినందువల్ల. ఆకు లోపల తడి, బయట పొడిగాలి. ఆ తేడా ఉన్నంతసేపూ నీరు ఆవిరై పోతూనే ఉంటుంది. తడిగుడ్డ ఆకును ఆనుకున్న గాలిని ఆవిరితో నింపేసి ఆ తేడాను చెరిపేస్తుంది.

ముఖంలోనూ ఇదే. స్ట్రాటమ్ కార్నియం కింద బతికున్న కణాల్లో దాదాపు 70 శాతం నీరు. పైఅంచుకు వచ్చేసరికి మామూలు గాలిలో అది 10, 15 శాతానికి పడిపోతుంది. అందుకే చెమట పట్టకపోయినా చదరపు మీటరుకు గంటకు సుమారు 10 గ్రాముల నీరు మనకు తెలియకుండానే పోతుంటుంది. తడి షీట్ పరిస్తే ఆ దారి మూసుకుపోతుంది. కింద నుంచి వచ్చే నీరు పైపొరలోనే నిలుస్తుంది. తమలపాకుకూ ముఖానికీ ఒక తేడా ఉంది: చచ్చిన కణాలు షీట్ నుంచి కూడా కొంత పీల్చుకుని ఉబ్బుతాయి.

గుడ్డ ఆరిపోతే ఆకు వాడుతుంది. షీట్ ఆరుతున్నకొద్దీ పోగుల మధ్యకి గాలి చేరుతుంది, మూత తీసేసినట్టే. పైగా ఉబ్బిన పొర నీటిని మునుపటికంటే వేగంగా వదిలేస్తుంది. కాబట్టి షీట్ ఇంకా తడిగా ఉండగానే తీసి, ముఖం ఆరకముందే క్రీమ్ రాయాలి. గుడ్డ చేసిన పనిని అప్పటి నుంచి క్రీమ్‌లోని కొవ్వులు చేస్తాయి. కొరియావాళ్ల వరుసలో టోనర్, మాస్క్, ఆ తర్వాత క్రీమ్ ఉండేది ఇందుకే. సియోల్ చలికాలంలో సైబీరియా వైపు నుంచి పొడిగాలి వీస్తుంది. ఆ గాలినే ఇంట్లో ఒండోల్ నేల (కింద నుంచి వేడిచేసే కొరియా పద్ధతి నేల) వేడి చేసేసరికి సాపేక్ష ఆర్ద్రత ఇంకా పడిపోతుంది. అక్కడ రోజుకో మాస్క్ అలవాటు ఎందుకు పుట్టిందో అర్థమవుతుంది. విశాఖ ఉక్కపోతలో అంత అవసరం కనబడదు. రోజంతా ఏసీలో కూర్చునేవాళ్ల సంగతి వేరు.

షీట్ చర్మానికి ఎంత అతుక్కుంటే మూత అంత గట్టిది. బయోసెల్యులోజ్ షీట్లు అందుకే నాకు అబ్బురం. కొమగటైబాక్టర్ జైలినస్ అనే బాక్టీరియా అల్లే పోగులవి, 100 నానోమీటర్లకంటే సన్నం. ఫిలిప్పీన్స్‌లో కొబ్బరినీళ్లు పులియబెట్టి చేసే నాటా డి కోకో కూడా ఇదే పదార్థం.

నిగనిగకు కారణం కాంతి. పొడి చర్మంలో పొలుసుల మధ్య గాలి ఉంటుంది. గాలి వక్రీభవన గుణకం (కాంతిని ఎంత వంచుతుందో చెప్పే సంఖ్య) 1, పొలుసుల్లోని ప్రోటీన్ కెరటిన్‌ది సుమారు 1.5. ఇంత తేడా ఉంటే కాంతి చెల్లాచెదురై చర్మం పాలిపోయినట్టుంటుంది. సందుల్లోకి 1.33 ఉన్న నీరు చేరితే తేడా తగ్గుతుంది, ఉబ్బిన కణాలతో ఉపరితలం నునుపెక్కుతుంది. "గ్లాస్ స్కిన్" చాలావరకు ఇదే. కొన్ని గంటల్లో తగ్గిపోతుంది.

కొలాజెన్ (చర్మానికి బిగువునిచ్చే ప్రోటీన్) ఉన్న మాస్క్ వేసుకుంటే చర్మంలో కొలాజెన్ పెరుగుతుందన్న నమ్మకం ఒకటి బలంగా ఉంది. అణువుల బరువును డాల్టన్లలో కొలుస్తారు. మామూలుగా 500 డాల్టన్లకంటే పెద్ద అణువులు చర్మంలోకి దూరలేవని చర్మవైద్య పరిశోధకులు బోస్, మైనార్డి 2000లో వివరించారు. కొలాజెన్ దాదాపు 3 లక్షల డాల్టన్లు! పైనే ఉండిపోయి తడిని పట్టుకుంటుంది, అంతే. గ్లిజరిన్ 92, నియాసినమైడ్ 122, ఇవి వెళ్లగలవు. నియాసినమైడ్ (బి3 విటమిన్‌లో ఒక రూపం) మచ్చల రంగును కొంత తగ్గిస్తుంది. పుట్టుకతో వచ్చిన రంగును మార్చదు, మార్చాల్సిన అవసరమూ లేదు.

తడిమూత కింద మంచివే కాదు, పరిమళ ద్రవ్యాలు, ప్రిజర్వేటివ్‌లు కూడా ఎక్కువగా దిగుతాయి. రాత్రంతా ఉంచవద్దనడానికి ఇదీ కారణం. రెటినాల్ (ఎ విటమిన్ రూపం) రాసిన రాత్రి మాస్క్ మానేయండి. ఎగ్జిమా ఉంటే ముందు డాక్టరును అడగండి. మంట పుడితే 20 నిమిషాలు ఆగక్కర్లేదు, వెంటనే తీసి నీళ్లతో కడిగేసుకోండి.