దోశ పెనం, సోల్డరింగ్ ఐరన్

చిరంజీవులు చిన్నాకి, బుజ్జమ్మకి తాతయ్య ఆశీస్సులు.

ఈ సంక్రాంతికి బొమ్మల కొలువులో లైట్లు మీరే అతుకుతారని మీ అమ్మ చెప్పింది. సంతోషం. చిన్నా ఫోన్‌లో అడిగిన ప్రశ్నే రెండు రోజులుగా నా బుర్రలో తిరుగుతోంది. "25 వాట్ల సోల్డరింగ్ ఐరన్, 60 వాట్లది ఇంచుమించు ఒకే ధర తాతయ్యా. మరి 60దే కొనుక్కోవచ్చుగా?"

సోల్డరింగ్ ఐరన్ అంటే లెడ్డు, అంటే తగరం సీసం కలిపిన తీగ, కరిగించి అతికే కరెంటు పనిముట్టు. నానమ్మ దోశలు పోయడం చూశారుగా? వాట్లంటే పొయ్యి మంట. ఐరన్ కొసన ఉండే బిట్టు పెనం. పల్చటి రేకు పెనం మీద పిండి పడగానే అది చల్లారిపోతుంది. మందపాటి ఇనప పెనం వేడిని దాచుకుంటుంది కాబట్టి దోశ సాఫీగా వస్తుంది. లావు తీగకి, రేకుకి అతికేటప్పుడు పెద్ద పెనం, పెద్ద మంట కావాలి. మీ ఎల్‌ఈడీ బల్బుల కాళ్లు గుండుసూదుల్లాంటివి, వాటికి 25 వాట్లు చాలు. పెద్ద మంట పెడితే దోశతో పాటు బల్బు కూడా మాడుతుంది. కొన్ని ఐరన్లకి పిడి మీద 200 నుంచి 450 డిగ్రీల దాకా అంకెలున్న చక్రం ఉంటుంది. చవకవాటిలో చాలామటుకు అది గ్యాస్ పొయ్యి మీట లాంటిదే. మంట పెంచుతుంది, తగ్గిస్తుంది, పెనం ఎంత కాలిందో దానికి తెలియదు.

ఇంకో మాట. దోశలయ్యాక నానమ్మ పెనాన్ని ఇసకతో తోమదు, నూనె చెయ్యి రాసి పెడుతుంది. నేను నా మొదటి ఐరన్‌కి ఆ మర్యాద చెయ్యలేదు. బిట్టు నల్లబడిందని ఆకురాయి పెట్టి అరగదీశాను. లోపల రాగి, పైన పల్చటి ఇనప పూత అని అప్పుడు తెలియదు. పూత పోయాక కరిగిన లెడ్డు రాగిని తినేసింది, వారానికి గుంట పడింది. పూత లేని ఉత్త రాగి బిట్టైతే అరగదీసుకోవచ్చు, అదీ త్వరగానే తరిగిపోతుంది. అందుకని నాన్నతో హైదరాబాద్ కోఠిలో ఎలక్ట్రానిక్స్ షాపులుండే గుజరాతీ గల్లీకి వెళ్లినప్పుడు ఫ్రిజ్ మీది బొమ్మ అయస్కాంతం జేబులో వేసుకెళ్లండి. బిట్టు కొసకి అంటుకుంటే ఇనప పూత ఉన్నట్టు. షాపువాడు నవ్వితే నవ్వనీ. మూడు పిన్నుల ప్లగ్గున్నదే అడగండి. మొదటిసారి వేడెక్కుతుండగానే బిట్టు కొసంతా లెడ్డు పూయండి, ఆపేముందు కూడా కాస్త లెడ్డు మిగిల్చి ఆపండి.

ఈ పూత మా చిన్నప్పుడే చూశాను. ఏడాదికోసారి గిన్నెలకి తగరం పూత పూసే కళాయివాడు కేకేసుకుంటూ మా వీధికొచ్చేవాడు. వేపచెట్టు కింద గుంట తవ్వి, తోలుతిత్తి ఊది బొగ్గులు రాజేసేవాడు. ఇత్తడి గిన్నె కాలాక నవాసారం అనే ఉప్పు చల్లితే తెల్లటి పొగ లేచేది. తగరం కడ్డీ ఒక్కసారి ఆనించి దూదితో గిర్రున తిప్పేవాడు. ఒక్క నిమిషంలో నల్లటి గిన్నెలో నా మొహం కనిపించేది! ముక్కు మూసుకునేవాళ్లం కానీ అక్కణ్ణించి కదిలేవాళ్లం కాదు. అన్నానికి పిలిచినా వెళ్లనందుకు మా అమ్మ చేతిలో రెండు తిన్నాను కూడా. ఆ నవాసారం చేసిన పనే అతికేముందు మీరు తీగకి రాసే సోల్డరింగ్ పేస్టూ చేస్తుంది, మురికి వదిలించడం. అలాగని నవాసారం మీ తీగలకి రాయకండి, తుప్పు పడతాయి.

ఇక రోటరీ టూల్, అంటే చేత్తో పట్టుకుని కోయడానికి, అరగదీయడానికి, చిల్లులు పెట్టడానికి వాడే చిన్న మిషను. నిమిషానికి 30 వేల చుట్లు తిరిగేవి కూడా ఉన్నాయి. దీనికి దోశ పెనం కుదరడం లేదు, మిక్సీ అనుకోండి. మిషను చవకే, తర్వాత బిళ్లలకీ బిట్లకీ అవుతుంది ఖర్చు. పల్చటి కోత బిళ్ల పక్కకి ఒత్తితే పుటుక్కున విరిగి మొహం మీదకి ఎగురుతుంది. చెక్కలో నాలుగు చిల్లులకి నాన్న డ్రిల్లు చాలదూ? కొనేరోజు వస్తే ముందు కళ్లద్దాలు కొనండి.

లెడ్డు రీలు మీద 60/40 అని ఉంటుంది. 60 పాళ్లు తగరం, 40 పాళ్లు సీసం. తగరం 232 డిగ్రీలకి కరుగుతుంది, సీసం 327కి. రెండూ కలిస్తే 183కే కరగడం మొదలవుతుంది! ఇద్దరు మొండివాళ్లు కలిసి మెత్తబడటం ఏమిటో, ఎన్నిసార్లు చదువుకున్నా నాకు వింతగానే ఉంటుంది.

కాబట్టి చదవకండి, చూడండి. కిటికీ తీసి కూర్చోండి. తీగనీ బల్బు కాలునీ బిట్టుతో కలిపి వేడి చేసి, అప్పుడు లెడ్డు అందించండి. నీళ్లలా పాకుతుంది. బిట్టు తీశాక చెయ్యి కదపొద్దు. అద్దంలా మెరుస్తున్న ఆ చుక్క మీద, రెప్పపాటులో, ఊపిరి తగిలినట్టు సన్నటి తెర పడుతుంది. గట్టిపడేది అప్పుడే. మొదటి చుక్క బుజ్జమ్మ చూడాలి, రెండోది చిన్నా. చేతులు సబ్బుతో కడుక్కున్నాకే అరిసెలు ముట్టుకోండి.

మీ తాతయ్య