రెండు క్రైస్తవ పుస్తక సంస్థలు కలిసిపోతే: అపోహలు - వాస్తవాలు

క్రైస్తవ పుస్తకాల పంపిణీలో నాకు ఇరవై రెండేళ్లు నిండాయి. సికింద్రాబాద్‌లో ఒక గోదాములో బండిళ్లు కట్టడంతో మొదలుపెట్టాను. ఇప్పుడు స్టాకు, పార్శిళ్లు, బకాయిలు చూసుకుంటున్నాను. కాగితం ధర పెరిగినప్పుడల్లా, ఎక్కడో ఒక పుస్తకాల షాపు మూతపడినప్పుడల్లా మా కమిటీలో ఎవరో ఒకరు అంటారు: "మనలాంటి ఇంకో సంస్థతో కలిసిపోతే సరిపోతుంది కదా బ్రదర్?" మంచి మనసుతో అనే మాటే అది. నేనూ ఒకప్పుడు అన్నాను. ఆ తర్వాత రెండు చిన్న ట్రస్టులు కలిసినప్పుడు దగ్గరుండి పనిచేశాను. బ్రిటన్‌లో జరిగిన ఒక పెద్ద విలీనం గురించీ వివరంగా తెలుసుకున్నాను. అందుకే ఇది రాస్తున్నాను.

అపోహ: రెండు సంస్థలు కలిస్తే బలం రెట్టింపవుతుంది

నేను చెప్పిన ఆ పెద్ద విలీనం ఇదే: 2007లో అమెరికాకు చెందిన ఇంటర్నేషనల్ బైబిల్ సొసైటీ, బ్రిటన్‌లోని సెండ్ ద లైట్ ఒకటయ్యాయి. రెండూ లాభం కోసం పెట్టినవి కావు. మొదటిది 1809లో న్యూయార్క్‌లో పుట్టింది. ఇంగ్లిష్ చదివేవాళ్లలో చాలామంది చేతిలో కనిపించే ఎన్ఐవీ బైబిలు అనువాదాన్ని భుజాన మోసింది అదే. రెండోది జార్జ్ వెర్వర్ మొదలుపెట్టిన ఆపరేషన్ మొబిలైజేషన్ ఉద్యమంలోంచి వచ్చింది. పుస్తకాల ఓడలు నడిపిన ఆ ఓఎం మనవాళ్లకు కొత్త కాదు, దాని భారత శాఖ మన హైదరాబాద్ కేంద్రంగానే పనిచేసింది.

సెండ్ ద లైట్ గోదాము ఇంగ్లండ్ ఉత్తరపు అంచున, స్కాట్లాండ్ సరిహద్దు దగ్గర కార్లైల్ అనే ఊళ్లో ఉండేది. బ్రిటన్‌లోని క్రైస్తవ పుస్తకాల షాపుల్లో చాలావాటికి సరుకు అక్కడి నుంచే వెళ్లేది. వెస్లీ ఓవెన్ అనే షాపుల గొలుసు, ఆథెంటిక్ అనే ప్రచురణ విభాగం కూడా దాని చేతిలోనే ఉండేవి. ఒకరి దగ్గర బైబిలు, ఇంకొకరి దగ్గర దాన్ని షాపుదాకా చేర్చే దారి. కాగితం మీద చూస్తే ఇంతకంటే మంచి జోడీ దొరకదు.

తర్వాత ఏమైంది? గోదాములో కొత్త కంప్యూటర్ వ్యవస్థ పెట్టారు. అది సరిగ్గా కుదురుకోక సరఫరా తడబడింది. సరిగ్గా అదే సమయానికి 2008 మాంద్యం వచ్చి పడింది. అప్పటికే సూపర్ మార్కెట్లు, ఇంటర్నెట్ షాపులు ఇచ్చే డిస్కౌంట్లకు చిన్న షాపులు నలిగిపోతున్నాయి. పుస్తకం అట్ట మీది ధరకే అమ్మాలన్న పాత ఒప్పందం బ్రిటన్‌లో 1990ల నడిమిలోనే కూలిపోయింది మరి. 2009 చివరికి ఆ బ్రిటన్ విభాగాన్ని ముక్కలుగా అమ్మకానికి పెట్టారు. వెస్లీ ఓవెన్ షాపుల్లో కొన్ని ఆస్ట్రేలియాకు చెందిన కూరాంగ్ అనే క్రైస్తవ పుస్తకాల సంస్థకు, కొన్ని సీఎల్‌సీ అనే ఇంకో క్రైస్తవ పుస్తకాల సంస్థకు వెళ్లాయి. కొన్నిటికి తాళాలు పడ్డాయి. కలిసి మూడేళ్లు కూడా కాలేదు.

కలిసిన రోజున రెట్టింపయ్యేవి అద్దెలు, జీతాలు, పాత స్టాకు. బలం తర్వాతెప్పుడో వస్తుంది. అప్పటిదాకా నిలబడటానికి చేతిలో రొక్కం ఉండాలి.

అపోహ: పుస్తకాలన్నీ ఒకే గోదాములోకి చేరిస్తే ఖర్చు తగ్గిపోతుంది

కార్లైల్ అంత పెద్ద గోదాము మాకు లేదు. అయినా అక్కడ ఏం జరిగి ఉంటుందో నేను ఊహించగలను.

మా రెండు ట్రస్టులూ ఒకే పాటల పుస్తకం అమ్మేవి. ఒకరి లెక్కలో దాని పేరు "నీలం అట్ట పాటలు". ఇంకొకరి లెక్కలో "పాటలు - చిన్నది". కోడ్లు వేరు. రెండు లెక్కలూ కంప్యూటర్లో కలిపేసరికి నీలం అట్టవి చాలా ఉన్నట్టు చూపించింది. ర్యాకులో చెయ్యి పెడితే రెండు బండిళ్లు దొరికాయి, అందులో ఒకదానికి అడుగున చెదలు. ఆ వారమే పల్నాడు నుంచి ఒక పాస్టరు గారు ఫోన్ చేశారు: "అన్నా, మీటింగులు రేపు సాయంత్రం నుంచి. పాటల పుస్తకాలని బిల్లు వేశారు, విప్పి చూస్తే సండే స్కూలు పుస్తకాలు." సభలు మూడు రోజులు. ఇంకో బండిల్ బస్సుకు వేసి పంపినా, అది చేరేసరికి రెండో రాత్రి అయిపోయింది. ఆ ఫోన్ పెట్టేశాక నాకు అన్నం సహించలేదు. మళ్లీ మొదటి నుంచి, ఒక్కో ర్యాకు దగ్గరా నిలబడి, పుస్తకం చేత్తో పట్టుకుని లెక్కపెట్టాం. పదకొండు రోజులు పట్టింది. ఆ పదకొండు రోజులు కలవకముందే పెట్టుకోవాల్సింది.

బకాయిలదీ అదే గొడవ. ఒకే షాపు రెండు సంస్థలకూ బాకీ ఉంటుంది. ఒక సంస్థ ముప్పై అయిదు శాతం కమీషన్ ఇచ్చి నెల గడువు పెడుతుంది. ఇంకోటి నలభై ఇచ్చి మూడు నెలలు ఆగుతుంది. కలిశాక షాపాయన నలభై శాతం, మూడు నెలలూ రెండూ అడుగుతాడు. ఆయన తప్పేమీ లేదు, ఆయనదీ నెలనెలా గడవని బతుకే.

అపోహ: పుస్తకాలు అమ్ముడుపోతున్నంత కాలం సంస్థకు ఢోకా లేదు

ప్రెస్ వాళ్ల బిల్లు ముందు వస్తుంది. పుస్తకం షాపుకు వెళ్లి, అమ్ముడై, డబ్బు తిరిగొచ్చేసరికి నెలలు గడుస్తాయి. అమ్ముడుపోనివి రిటర్నుగా, అట్టలు నలిగి వస్తాయి. మన దగ్గర అచ్చు పుస్తకాల మీద జీఎస్టీ లేదని చాలామంది సంతోషిస్తారు. కాగితం మీద మాత్రం ఉంది. పుస్తకానికి పన్ను మినహాయింపు కాబట్టి, కాగితానికి కట్టినది వెనక్కి రాదు, ఖర్చులోనే కలిసిపోతుంది. పైగా ఊళ్లకు చవకగా పుస్తకాలు పంపే రిజిస్టర్డ్ బుక్‌పోస్టు 2024 డిసెంబరులో ఆగిపోయింది. బాగా అమ్ముడవుతున్న ఏడాదిలోనే జీతాలకు తడుముకున్న సంస్థలను నేను చూశాను.

అపోహ: పరిచర్య కదా, కానుకలు వస్తాయి

వస్తాయి. కానీ దాత "ఫలానా భాషలో బైబిళ్లు పంచండి" అని ఇచ్చిన డబ్బును గోదాము కరెంటు బిల్లుకు వాడకూడదు. అది ఇచ్చిన మాట తప్పడం అవుతుంది, చాలా దేశాల్లో చట్టమూ ఒప్పుకోదు. బయటివాళ్లు బ్యాంకు బ్యాలెన్సు చూసి "ఇంత ఉందిగా" అంటారు. అందులో వాడుకోగలిగింది ఎంతో ట్రెజరర్ ఒక్కరికే తెలుసు.

అపోహ: కలిస్తే ఒకరి పేరు చెరిగిపోతుంది

అలా కావాలని రూలేం లేదు. బ్రిటన్‌లోనే 2015లో ఎస్‌పీసీకే, ఐవీపీ అనే రెండు క్రైస్తవ ప్రచురణ సంస్థలు కలిశాయి. ఎస్‌పీసీకే 1698లో లండన్‌లో మొదలైంది. ఐవీపీ విద్యార్థుల సహవాసంలోంచి పుట్టి, నాటింగ్‌హామ్ నుంచి పనిచేసిన సంస్థ. కలిశాక కూడా ఐవీపీ పుస్తకాల మీద ఐవీపీ పేరే ఉంది. ఎస్‌పీసీకే అప్పటికే, 2006లో, తన షాపులను వేరే ట్రస్టుకు అప్పగించేసింది. అంటే షాపుల అద్దెల బరువు లేకుండా, పుస్తకం తయారుచేసే పని మీదే నిలబడిన రెండు సంస్థలు కలిశాయి. నా ఉద్దేశంలో కార్లైల్‌కూ దీనికీ ఉన్న అసలు తేడా ఇదే.

ఈ ఎస్‌పీసీకే మనకు పరాయిది కాదు. 18వ శతాబ్దంలో మద్రాసులో వాళ్ల అండతో పనిచేసిన బెంజమిన్ షుల్జ్ తెలుగు నేర్చుకున్నాడు. జర్మనీ తిరిగి వెళ్లాక, 1746 ప్రాంతంలో, హాలే పట్టణంలో తెలుగు పుస్తకాలు అచ్చువేయించాడు. తెలుగు లిపిలో అచ్చయిన తొలి పుస్తకాలు అవే. చదివేవాళ్లేమో సముద్రం ఇవతల! పంపిణీ అనే సమస్య తెలుగు అచ్చుతోపాటే పుట్టిందన్నమాట.

అపోహ: సంస్థ ముక్కలైతే చేసిన పనంతా వృథా

కార్లైల్‌లో ఉద్యోగాలు పోయినవాళ్ల బాధను నేను తక్కువ చేయను. కానీ ఆథెంటిక్ పేరుతో పుస్తకాలు ఆ తర్వాతా వచ్చాయి. బైబిల్ సొసైటీ, సెండ్ ద లైట్ కలిసి ఏర్పడిన మాతృసంస్థ 2009లోనే బిబ్లికా అని పేరు మార్చుకుని పని కొనసాగించింది. ఫోన్లో మనం ఉచితంగా చదువుకునే తెలుగు సమకాలీన అనువాదం దానిదే.

మొన్న ఇంకో ట్రస్టు పెద్దలు మా గోదాముకు వచ్చారు, కలిసిపోదామని. బోర్డు సంగతి తర్వాత చూద్దాం, ముందు ఈ సీజను పార్శిళ్లు కలిపి పంపుదాం అన్నాను. ఒప్పుకున్నారు. వాళ్ల కుర్రవాడు, మా కుర్రవాడు పక్కపక్కన కూర్చుని రెండు స్టాకు రిజిస్టర్లూ చదువుకుంటున్నారు. ఇప్పటికి ఒకే పుస్తకానికి రెండు పేర్లు ఉన్నవి పందొమ్మిది బయటపడ్డాయి.