ఉమేదువారు నుంచి ఇంటర్న్ దాకా

మే నెలాఖరులో, రోహిణి కార్తె ఎండలో, నెల్లూరు కలెక్టరేట్ దగ్గరో ఒంగోలు ప్రకాశం భవన్ దగ్గరో కాసేపు నిలబడి చూడండి. చేతిలో ప్లాస్టిక్ ఫైలు, అందులో కాలేజీ లెటర్‌హెడ్ మీద ఒక పర్మిషన్ లెటర్ పెట్టుకుని ముగ్గురు నలుగురు పిల్లలు ఒక్కో సెక్షన్ తలుపు దగ్గర ఆగి లోపలికి తొంగి చూస్తుంటారు. అటెండర్ వచ్చి "ఏమ్మా, ఎవురు గావాల?" అంటాడు. వాళ్లకే తెలీదు ఎవరు కావాలో. లెటర్ మీద మాత్రం "సంబంధిత అధికారి గారికి" అని ఉంటుంది.

నేను డిగ్రీ, పీజీ పిల్లలకు పాఠాలు చెప్తాను, దాంతో పాటు ఇంటర్న్‌షిప్ మెంటర్ అనే పని కూడా నెత్తిన పడింది. ఆ లెటర్లు నేనే రాస్తాను, అందుకే ఈ గోలంతా. ఈ పిల్లలు ప్రభుత్వాఫీసుల్లోకి ఎలా వచ్చారు, ఎవరు పంపారు, పంపినవాళ్లు ఏమనుకున్నారు అని తవ్వుకుంటూ పోతే సంగతి అనుకున్నదానికంటే చాలా పాతదని తేలింది.

మద్రాసు ప్రెసిడెన్సీ రోజుల్లో నెల్లూరు జిల్లా తాలూకా కచేరీల్లో జీతం లేకుండా పనిచేసే కుర్రాళ్లు ఉండేవాళ్లు. వాళ్లను ఉమేదువారు అనేవాళ్లు. ఉమేద్ అంటే ఫారసీలో ఆశ. ఎప్పటికైనా ఒక ఖాళీ రాకపోతుందా, తహసీల్దారు గారి దయ కలగకపోతుందా అని ఆశ పెట్టుకుని కాగితాలు నకలు రాస్తూ, దస్త్రాలు మోస్తూ, ఏళ్ల తరబడి కచేరీ వరండాలో కూర్చునేవాళ్లు. జీతం లేదు కాబట్టి పొట్ట ఎలా నిండేదో మీరే ఊహించుకోండి, కాగితం కదలడానికి చెయ్యి తడపడం అనే మాట ఊరికే పుట్టలేదు. మరాఠీలో ఎన్నికల అభ్యర్థిని ఇప్పటికీ ఉమేద్‌వార్ అనే అంటారు, అది వేరే తమాషా. ఆ ఏర్పాటుని మెచ్చుకోవాల్సిన పనేమీ లేదు గానీ ఒక్క సంగతి మాత్రం ఒప్పుకోవాలి: ఉమేదువారికి పని నేర్పేవాడు ఒకడుండేవాడు. గుమాస్తాకి పని భారం తగ్గాలంటే పక్కన కూర్చున్నవాడికి పని రావాలి, అందుకని నేర్పేవాడు.

ఇప్పుడు మనం అంటున్న ఇంటర్న్‌షిప్ మాత్రం కచేరీ వరండాలో పుట్టింది కాదు. అమెరికాలో న్యూయార్క్ నగరపాలనలో డబ్బు ఎక్కడికి పోతోందో లెక్క తేల్చడానికి ఒక మున్సిపల్ పరిశోధన సంస్థ ఉండేది. ఆ సంస్థ 1911లో ప్రజాసేవకు శిక్షణ ఇచ్చే బడి ఒకటి పెట్టింది. చదువుకున్న కుర్రాళ్లను క్లాసులో కూర్చోబెట్టడం కంటే నగరపాలనకు సంబంధించిన అసలు పనుల మీద పెట్టి నేర్పడం అక్కడి పద్ధతి. 1924లో అది సిరక్యూస్ యూనివర్సిటీకి వెళ్లి మ్యాక్స్‌వెల్ స్కూల్ అయింది, పరిపాలనలో పీజీ చదువులకు అదొక మూలం. ఆ తర్వాత అక్కడి రాష్ట్రాలూ నగరాలూ పీజీ విద్యార్థుల్ని తమ ఆఫీసుల్లోకి తీసుకోవడం అలవాటు చేసుకున్నాయి, న్యూయార్క్ నగరమైతే 1969లో అర్బన్ ఫెలోస్ అని సొంతంగా ఒక కార్యక్రమమే మొదలుపెట్టింది. అక్కడ మొదట మనిషి కావాలన్నది ఆఫీసు వైపువాళ్లు. కాలేజీ తర్వాత వచ్చింది. ఇది గుర్తుపెట్టుకోండి, ఎందుకంటే మన దగ్గర కథ తలకిందులుగా నడిచింది.

మన దగ్గర స్వాతంత్ర్యం వచ్చాక విద్యార్థుల చేత దేశసేవ చేయించాలన్న మాట పదే పదే వచ్చింది, 1959లో సీడీ దేశ్‌ముఖ్ కమిటీ కూడా దాని మీదే వేశారు. తేలింది మాత్రం 1969 సెప్టెంబర్ 24న, గాంధీ శతజయంతి ఏడాదిలో, 37 యూనివర్సిటీల్లో 40 వేల మంది విద్యార్థులతో మొదలైన జాతీయ సేవా పథకం, అదే ఎన్ఎస్ఎస్. ఏడాదికి 120 గంటలు, ఏడు రోజుల క్యాంపు. మా తరం వాళ్లకు ఎన్ఎస్ఎస్ అంటే ఊళ్లో బడి ఆవరణలో కంపచెట్లు కొట్టడం, రాత్రి పూట పాటలు, ఆఖరి రోజు సాంబారన్నం. తప్పేం లేదు, బాగానే ఉండేది, కానీ అది ఆఫీసు పని కాదు. ఊరిని చూశాం, ఊరిని నడిపే పంచాయతీ రికార్డు ఎలా ఉంటుందో చూడలేదు.

ఇంకో దారి చట్టం నుంచి వచ్చింది. 1961 అప్రెంటిస్ చట్టం మొదట్లో ఐటీఐ పిల్లల కోసం. 1973 సవరణతో ఇంజనీరింగ్ డిగ్రీ, డిప్లొమా వాళ్లూ అందులోకి వచ్చారు, 2014 సవరణతో మామూలు డిగ్రీ వాళ్లకీ తలుపు తెరిచారు. మనకు చెన్నైలో ఉన్న దక్షిణ ప్రాంత అప్రెంటిస్‌షిప్ బోర్డు దీన్ని చూస్తుంది. ఇక్కడ లెక్క చాలా సూటిగా ఉంటుంది: ఆఫీసో ఫ్యాక్టరీయో ఫలానా మందిని తీసుకోవాలని చట్టం చెప్తుంది, కాంట్రాక్టు రాసుకోవాలి, 2019 నిబంధనల్లో డిగ్రీ వాళ్లకు నెలకు కనీసం 9 వేలు స్టైపెండ్ పెట్టారు, ఆ కనీస స్టైపెండ్‌లో సగం కేంద్రం భరిస్తుంది. ఆర్టీసీలో, విద్యుత్ సంస్థల్లో అప్రెంటిస్‌గా చేసిన పిల్లల్ని అడగండి, వాళ్లు చెప్పే కథే వేరుగా ఉంటుంది. వాళ్లకు షిఫ్టు ఉంటుంది, పేరు పెట్టి పిలిచే ఫోర్‌మన్ ఉంటాడు, తిట్టేవాడూ ఉంటాడు. తిట్టేవాడు ఉన్నాడంటే పని ఉన్నట్టే కదా.

నెల్లూరు జిల్లా గురించి రాస్తూ అక్షరాస్యత ఉద్యమం ఎత్తకుండా ఎలా పోతాం. 1990ల మొదట్లో జిల్లా యంత్రాంగమే కాలికి బలపం కట్టుకుని తిరిగిన రోజులవి. కలెక్టర్ నుంచి ఊరి టీచర్ దాకా అందరూ ఒకే పని మీద ఉంటే, రాత్రి లాంతరు వెలుగులో పలకలు పట్టుకుని కూర్చున్న ఆడవాళ్లకు పాఠం చెప్పింది ఎక్కువగా ఊళ్లోని చదువుకున్న కుర్రాళ్లు, అమ్మాయిలే. జీతం లేదు, చదువు లెక్కలో కలిసే క్రెడిట్లు లేవు, సర్టిఫికెట్ గొడవ అసలే లేదు. ఆ వాచకాల్లో సారా గురించిన పాఠం చదివిన దూబగుంట ఆడవాళ్లు ఊళ్లో సారా దుకాణం మూయించడం, అది జిల్లా అంతా పాకి 1992లో సారా వేలంపాటల్ని అడ్డుకోవడం, చివరికి 1993 అక్టోబర్ 1న రాష్ట్రంలో సారా నిషేధం రావడం, ఇదంతా మనకు తెలిసిన చరిత్రే. నేను చెప్పదల్చుకున్నది వేరే ముక్క. ఆ పిల్లలు ఎవరూ తమను ఇంటర్న్ అనుకోలేదు, కానీ ప్రభుత్వానికి నిజంగా మనుషులు కావాల్సి వచ్చి పిలిచిన సందర్భం మన జిల్లాలో ఏదైనా ఉందంటే అదే. పిలిచినవాళ్లకు పని ఏమిటో తెలుసు కాబట్టి చేసేవాళ్లకూ తెలిసింది.

ఆ తర్వాత ఇంటర్న్‌షిప్ అనేది వృత్తి చదువుల రూల్స్‌లోకి ఒక్కొక్కటిగా ఎక్కింది. బార్ కౌన్సిల్ 2008 నిబంధనల ప్రకారం మూడేళ్ల లా చదివేవాళ్లు కనీసం 12 వారాలు, ఐదేళ్ల వాళ్లు 20 వారాలు ఇంటర్న్‌షిప్ చేయాలి. ఎక్కడెక్కడ చేయొచ్చో రాసిన జాబితాలో స్థానిక స్వపరిపాలన సంస్థలు కూడా ఉన్నాయి. అంటే నెల్లూరు కార్పొరేషన్‌లోనో ఒక పంచాయతీలోనో చేయొచ్చన్నమాట. నాకు తెలిసిన లా పిల్లలంతా మాత్రం సీనియర్ లాయర్ గారి వెనక కోర్టు మెట్లెక్కినవాళ్లే, పంచాయతీకి వెళ్లినవాడు ఒక్కడూ తగల్లేదు.

బీఈడీ సంగతి ఇంకా ముఖ్యం, ఎందుకో దీన్ని ఎవరూ ఈ లెక్కలో వేయరు. టీచర్ చదువులను చూసే ఎన్‌సీటీఈ 2014 నిబంధనలతో బీఈడీ రెండేళ్లయింది, అందులో 20 వారాల బడి అనుభవం వచ్చింది. బీఈడీ చేసేవాళ్లంతా డిగ్రీ పూర్తయినవాళ్లు, ఎక్కువమంది వెళ్లేది జిల్లా పరిషత్ హైస్కూళ్లకు, పేరులోనే ఉంది అది స్థానిక సంస్థ అని. ఉదయగిరి వైపో కనిగిరి వైపో లెక్కల టీచర్ లేని బడికి ఒక బీఈడీ అమ్మాయి వస్తే హెడ్‌మాస్టర్ మొహం వెలిగిపోతుంది. మర్నాటి నుంచి ఎనిమిదో తరగతి ఆమెదే. నేర్చుకోవడానికి వచ్చిందా ఖాళీ పూడ్చడానికి వచ్చిందా అని అడిగితే రెండూనూ అని చెప్పాలి. న్యాయంగా అయితే కాస్త దారి ఖర్చులైనా ఇవ్వాలి, కానీ పని దొరకలేదని మాత్రం ఆమె ఫిర్యాదు చేయదు.

డాక్టర్లది మరీ పకడ్బందీ. పీజీ వైద్య విద్య నిబంధనలకు 2020 సెప్టెంబర్‌లో వచ్చిన సవరణతో ఎండీ, ఎంఎస్ చదివే ప్రతి పీజీ డాక్టరూ మధ్య సెమిస్టర్లలో మూడు నెలలు జిల్లా ఆరోగ్య వ్యవస్థలో పనిచేయాలి, 2021లో చేరిన బ్యాచ్ నుంచి ఇది మొదలైంది. స్టైపెండ్ ఆగదు. జిల్లాలో దీనికోసం ఒక కోఆర్డినేటర్ ఉంటారు, డ్యూటీ చార్టులో పేరు ఉంటుంది. డాక్టర్లు గొణుక్కుంటారు, పెద్దాసుపత్రి నుంచి వచ్చి ఇక్కడ కూర్చోవాలా అని, అది వేరే విషయం. కుర్చీ మాత్రం ఉంటుంది.

ఇక బీఏ, బీకాం, బీఎస్సీ, ఎంఏ వాళ్ల దగ్గరికొస్తే 2018 దాకా పెద్దగా ఏమీ లేదు. ఎంఎస్‌డబ్ల్యూ, అంటే సోషల్ వర్క్ పీజీ వాళ్లకు ఫీల్డ్ వర్క్, ఎంబీఏ వాళ్లకు ఏ సహకార బ్యాంకులోనో ఆర్టీసీలోనో ప్రాజెక్టు, అంతే. 2018 వేసవిలో కేంద్రం స్వచ్ఛభారత్ సమ్మర్ ఇంటర్న్‌షిప్ పెట్టింది, 100 గంటలు ఊళ్లో పనిచేస్తే రెండు క్రెడిట్లు. 2020 బడ్జెట్‌లో మున్సిపాలిటీలు కొత్త ఇంజనీర్లను ఏడాది దాకా ఇంటర్న్‌లుగా తీసుకుంటాయని చెప్పారు, అదే ఏడాది జూన్ 4న ట్యూలిప్ అనే పోర్టల్ తెరిచారు. చదువు ముగిసి 18 నెలలు దాటని పిల్లలకు పట్టణ సంస్థల్లో ఎనిమిది వారాల నుంచి ఏడాది వరకు పని, స్టైపెండ్ ఎంతన్నది మున్సిపాలిటీ ఇష్టం. లాక్‌డౌన్ నడుస్తున్న రోజుల్లో మొదలైన పథకం, అప్పటికి పాపం మున్సిపాలిటీ వాళ్లు క్వారంటైన్ సెంటర్లూ బ్లీచింగ్ పౌడరూ తప్ప ఇంకేదీ ఆలోచించే స్థితిలో లేరు.

అసలు మలుపు మన రాష్ట్రంలోనే వచ్చింది. 2020-21లో చేరిన డిగ్రీ బ్యాచ్ నుంచి పది నెలల ఇంటర్న్‌షిప్ తప్పనిసరి చేశారు. మొదటి ఏడాది అయ్యాక రెండు నెలల్లో 180 గంటల కమ్యూనిటీ సర్వీస్ ప్రాజెక్టు, రెండో ఏడాది అయ్యాక ఇంకో రెండు నెలలు, మూడో ఏడాదిలో ఒక సెమిస్టర్ మొత్తం. దేశంలో అప్పటికి ఎవరూ బీఏ పిల్లవాడి చేత పది నెలలు బయట పని చేయించాలనుకోలేదు. ఆలోచన మంచిదే, నేను ఆ రోజే అన్నాను, ఇప్పుడూ అంటాను. దానికి తగ్గట్టు 2019 అక్టోబర్ 2న మొదలైన గ్రామ, వార్డు సచివాలయాలు అప్పటికే రాష్ట్రంలో 15 వేలకు పైగా ఉన్నాయి, ప్రతి ఊళ్లో వెల్ఫేర్ అసిస్టెంట్, డిజిటల్ అసిస్టెంట్, సర్వేయర్, ఏఎన్ఎం అంటూ ఒక చిన్న ప్రభుత్వమే కూర్చుని ఉంది, పిల్లలు నేర్చుకోవడానికి ఇంతకంటే మంచి చోటు ఎక్కడ దొరుకుతుంది?

కానీ ఉత్తర్వు వచ్చింది కాలేజీలకు. ఎన్ని గంటలు, ఎన్ని క్రెడిట్లు, లాగ్‌బుక్ ఎలా నింపాలి, రిపోర్టు ఎన్ని పేజీలు, వైవా ఎవరు చేయాలి, అన్నీ రాశారు. తలుపుకి అవతలున్న సీనియర్ అసిస్టెంట్‌కి దీంతో ఏం సంబంధమో నేను చూసిన కాగితాల్లో ఎక్కడా కనపడలేదు. ఇంటర్న్‌కి పని నేర్పితే ఆయన పని తగ్గదు, నేర్పకపోతే అడిగేవాడు లేడు, ఫైలు ముట్టుకోనిస్తే రేపు ఏదైనా పోతే ఆయన ఉద్యోగానికే ఎసరు. ఆయన స్థానంలో నేనున్నా "అక్కడ కూర్చోమ్మా" అనే అంటాను. సోమవారం అర్జీల రోజు అయితే ఆ కూర్చోవడానికీ చోటుండదు.

నాలుగేళ్ల కిందట మా పిల్లలు ఐదుగుర్ని ఒక మండల స్థాయి ఆఫీసుకి పంపాను, ఏ ఆఫీసో ఇప్పుడెందుకు. అందులో ఒకమ్మాయి రోజూ రెండు బస్సులు మారి వచ్చేది. మూడు వారాలు తపాలు సంచుల మధ్య బెంచీ మీద కూర్చుని లాగ్‌బుక్‌లో "ఈరోజు కార్యాలయ విధానాలను పరిశీలించితిని" అని రాసుకుంటూ పోయింది. ఇరవై రోజులు అదే వాక్యం. నేను కోప్పడబోయి ఆగాను, ఆమె అబద్ధం రాయలేదు మరి. నాలుగో వారం నుంచి రావడం మానేసింది, ఇంట్లో కూర్చుని ఆన్‌లైన్‌లో ఏదో వర్చువల్ ఇంటర్న్‌షిప్ అని వీడియోలు చూసి సర్టిఫికెట్ తెచ్చింది. దానికీ మార్కులు వచ్చాయి. ఇప్పుడు చాలామంది చేస్తున్నది అదే, ఆఫీసుల చుట్టూ తిరిగే టెన్షన్ లేదు, బస్సు ఖర్చు లేదు, రిపోర్టు సీనియర్ దగ్గర దొరుకుతుంది, జిరాక్స్ షాపువాడే బైండింగ్ చేసి పెడతాడు.

అన్నీ ఇలాగే అని కాదు. కనిగిరి ప్రాంతంలో నీళ్లలో ఫ్లోరైడ్ ఎంతటి సమస్యో ప్రకాశం జిల్లాలో పుట్టినవాళ్లకు చెప్పక్కర్లేదు. అక్కడి ఊరి నుంచి వచ్చిన ఒక కెమిస్ట్రీ కుర్రాడు తన కమ్యూనిటీ ప్రాజెక్టుకి సొంత ఊరినే పెట్టుకున్నాడు. సచివాలయంలో ఏఎన్ఎం గారు వాడికి మేనత్త వరస. ఆమె వాడిని వెంటపెట్టుకుని ఇల్లిల్లూ తిప్పింది, ఎవరింట్లో ఏ బోరు నీళ్లు తాగుతున్నారు, ఎవరికి కీళ్లు పట్టేశాయి, ఎవరి పళ్లు గారపట్టాయి, అంతా ఒక నోటు పుస్తకంలో రాయించింది. "రేయ్, నువ్వు రాసిందాన్ని నేను మీటింగ్‌లో చూపిస్తా, తప్పులు పెట్టబాక" అందట. ఇరవై ఏళ్లు సర్వీసున్న లెక్చరర్లు రాయించలేనంత జాగ్రత్తగా రాశాడు వాడు. యూజీసీ ఇంటర్న్‌షిప్‌ల మీద ఎన్ని మార్గదర్శకాలు ఇచ్చినా అందులో మేనత్త గురించి ఉండదు కదా.

ఈ వేసవి బ్యాచ్‌కి లెటర్లు రాయడం నిన్ననే మొదలుపెట్టాను. సెక్షన్ పేరూ అక్కడ పిల్లల్ని చూసుకునే మనిషి పేరూ రాయడానికి ఫార్మాట్‌లో రెండు గడులు పెట్టమని మీటింగ్‌లో అడిగి చూశాను, పైనుంచి వచ్చిన ఫార్మాట్ మార్చకూడదన్నారు. ఎనభై ఆరు లెటర్లు. అన్నీ "సంబంధిత అధికారి గారికి" అనే మొదలవుతున్నాయి.