విమానం ఒక ఎత్తులో, క్యాబిన్ ఇంకో ఎత్తులో

పోయిన వేసవిలో హార్సిలీ హిల్స్ నుంచి తిరుపతికి తిరిగొస్తున్నాం. కొండ మీద నీళ్ళు తాగేసి, ఖాళీ లీటరు సీసాకి మా అమ్మాయి మూత గట్టిగా బిగించి వెనక సీట్లో పడేసింది. వాయల్పాడు, పీలేరు దాటి భాకరాపేట ఘాట్ దిగుతుంటే వెనక నుంచి టక్, టక్ అని చప్పుడు. తిరిగి చూస్తే సీసా నడుం దగ్గర ఎవరో బొటనవేలితో నొక్కినట్టు లోపలికి పోయి ఉంది. సరిగ్గా అప్పుడే మా అమ్మాయి "నాన్నా, చెవి మూసుకుపోయింది" అంది. రెండింటికీ కారణం ఒకటే.

హార్సిలీ హిల్స్ నాలుగు వేల అడుగుల పైమాటే, తిరుపతి అయిదు వందల అడుగుల దగ్గర ఉంటుంది. పైనున్న పలచటి గాలికి మూతేసి కిందికి తెచ్చాం. కింద బయటి గాలి ఒత్తిడి ఎక్కువ కాబట్టి అది సీసాని నొక్కింది, లోపలి గాలి పరిమాణం దాదాపు ఎనిమిదో వంతు తగ్గిపోయింది. కర్ణభేరి వెనక కూడా అలాంటి చిన్న గది ఒకటుంది. అందులో ఇంకా కొండ మీది గాలే ఉంది, బయట మాత్రం పీలేరు గాలి.

ఈ సీసా గుర్తొచ్చినప్పుడల్లా నాకు రేణిగుంటలో దిగే చిన్న విమానాలు గుర్తొస్తాయి. దర్శనానికి సొంత విమానాల్లోనో అద్దె విమానాల్లోనో వచ్చేవాళ్ళుంటారు కదా, ఆరేడుగురు పట్టే ఆ విమానాలు పాతిక వేల అడుగుల ఎత్తున ఎగిరొచ్చి, అరగంట లోపే సముద్రమట్టానికి దాదాపు 350 అడుగుల ఎత్తులో ఉన్న రన్‌వే మీద వాలతాయి. మేము దిగింది మూడున్నర వేల అడుగులు, అదీ రెండు గంటలకు పైగా తీసుకుని. మరి అందులో ఉన్నవాళ్ళ చెవులు, ఊపిరి ఎవరు చూసుకుంటారు? పెద్ద విమానాల్లో ఇదంతా చాలావరకు కంప్యూటర్ చూసుకుంటుంది. చిన్న విమానాల్లో, ముఖ్యంగా కాస్త పాతవాటిలో, పైలట్ తన చేత్తో నాబ్ తిప్పి చూసుకోవాలి. చాలాసార్లు ఆ పైలట్ ఒక్కడే ఉంటాడు.

పైకెళ్ళేకొద్దీ ఏమవుతుందో చూడాలంటే మనకు గాదంకి ఉంది. తిరుపతి, చిత్తూరు మధ్యలో ఉన్న ఆ జాతీయ వాతావరణ పరిశోధనశాల నుంచి పరికరాలు కట్టిన బెలూన్లు వదులుతుంటారు. వదిలేటప్పుడు వదులుగా ఉన్న బెలూన్, పైకెళ్ళేకొద్దీ బయటి ఒత్తిడి తగ్గడంతో ఉబ్బుతూ ఉబ్బుతూ పోయి, ముప్పై కిలోమీటర్ల చుట్టుపక్కల పగిలిపోతుంది. సముద్రమట్టం దగ్గర గాలి ప్రతి చదరపు అంగుళాన్నీ 14.7 పౌండ్ల బలంతో నొక్కుతుంది, అంటే 14.7 పీఎస్ఐ. 18,000 అడుగులకు అది సగం, 25,000 అడుగుల దగ్గర దాదాపు 5.5. ఆక్సిజన్ వాటా మాత్రం అక్కడా 21 శాతమే. దాన్ని ఊపిరితిత్తుల్లోంచి రక్తంలోకి నెట్టే ఒత్తిడి లేకపోవడమే చిక్కు.

అందుకని క్యాబిన్‌లోకి గాలి నింపుతారు. చాలామంది క్యాబిన్ అంటే మూతేసిన సీసా అనుకుంటారు, నేనూ చాలాకాలం అలాగే అనుకున్నాను. కాదు. అది మన చెరువు లాంటిది. వాగు లోంచి నీళ్ళు వస్తూనే ఉంటాయి, తూములోంచి పోతూనే ఉంటాయి, ఎంత వస్తోంది ఎంత పోతోంది అన్న దాన్ని బట్టి చెరువులో మట్టం నిలుస్తుంది. విమానంలో వాగు ఇంజిన్. టర్బోప్రాప్ (ప్రొపెల్లర్‌ని తిప్పే జెట్ తరహా ఇంజిన్) అయితే, మంట దాకా వెళ్ళకముందే కంప్రెసర్ ఒత్తిన గాలిలో కొంత పక్కకు తీస్తారు, దాన్నే బ్లీడ్ ఎయిర్ అంటారు. బాగా కాలి ఉంటుంది కాబట్టి చల్లార్చి లోపలికి వదులుతారు. కార్లలో ఉండే తరహా పిస్టన్ ఇంజిన్ అయితే, ఇంజిన్‌లోకి గాలిని ఒత్తి పంపే టర్బోచార్జర్ నుంచి తీసుకుంటారు. తూము పేరు ఔట్‌ఫ్లో వాల్వ్. పైలట్ చేతిలో ఉండేది ఎక్కువగా ఆ తూమే. దాన్ని కొంచెం మూస్తే ఒత్తిడి పెరుగుతుంది, కొంచెం తెరిస్తే తగ్గుతుంది.

చెరువుకి మరవ కూడా ఉంటుంది కదా, వాన ఎక్కువై నీళ్ళు కట్ట మీదికి రాకుండా, ఎవరూ ముట్టుకోకుండానే దానంతటది పొర్లిపోవడానికి. విమానంలో ఆ పని సేఫ్టీ వాల్వ్‌ది. లోపలి ఒత్తిడికీ బయటి ఒత్తిడికీ మధ్య తేడా హద్దు దాటితే అది తెరుచుకుంటుంది. కట్ట అంటే విమానం ఒళ్ళు, పలచటి అల్యూమినియం రేకు. ఆ రేకు ఎంత తట్టుకుంటుందన్న దాన్ని బట్టే మిగతా లెక్కలన్నీ ఉంటాయి. 1954లో రెండు కామెట్ జెట్ విమానాలు గాల్లోనే విచ్చిపోయాయి. ఒత్తిడి ఎక్కడం దిగడం మళ్ళీ మళ్ళీ జరిగి రేకు అలిసిపోయిందని, దానికి కోసిన కంతల మూలల్లో పగుళ్ళు పుట్టాయని తర్వాత జరిగిన విచారణలో తేలింది.

చిన్న విమానాల్లో ఈ హద్దు రకరకాలుగా ఉంటుంది. సెస్నా పీ210 అనే పాత సింగిల్ ఇంజిన్ విమానానికి 3.35 పీఎస్ఐ, పైపర్ మాలిబుకి 5.5, కింగ్ ఎయిర్ బీ200కి 6.5. మాలిబు లెక్క ఒకటి వేసి చూద్దాం. 25,000 అడుగుల దగ్గర బయట 5.5 ఉంది, విమానం ఇంకో 5.5 ఆపగలదు, మొత్తం 11 పీఎస్ఐ. ఎనిమిది వేల అడుగుల ఎత్తులో ఉండే గాలి ఒత్తిడి అది. అంటే విమానం 25,000 అడుగుల మీద ఎగురుతున్నా లోపలున్నవాళ్ళు ఎనిమిది వేల అడుగుల కొండ మీద కూర్చున్నట్టే, రెండు హార్సిలీ హిల్స్ ఒకదాని మీద ఒకటి పెట్టినంత ఎత్తు. దీన్నే క్యాబిన్ ఎత్తు అంటారు. సెస్నా 172 లాంటి మామూలు శిక్షణ విమానాల్లో ఈ ఏర్పాటే ఉండదు, బయట ఎంతో లోపలా అంతే.

నన్ను బాగా పట్టుకున్న సంగతి ఇదే: పైలట్ ఒకేసారి రెండు ఎత్తులు నడుపుతాడు. విమానం నిమిషానికి పదిహేను వందల అడుగులు ఎక్కుతుంటే, క్యాబిన్ మాత్రం అయిదు వందలకు మించకుండా నెమ్మదిగా ఎక్కాలి. దిగేటప్పుడు ఇంకా మెల్లగా, నిమిషానికి మూడు వందల అడుగుల దగ్గర. ఎందుకీ తేడా అంటే, మధ్యచెవి నుంచి గొంతు వెనక్కి వెళ్ళే సన్నని గొట్టం బయటికి గాలి వదలడంలో చురుకే గానీ లోపలికి తీసుకోవడంలో మొరాయిస్తుంది. ఆవలించాలి, గుటక వేయాలి, అప్పుడు గానీ తెరుచుకోదు. జలుబు చేసి ఉంటే అదీ కష్టం. చంటిపిల్లలు దిగేటప్పుడే ఏడుస్తారు, అప్పుడు పాలు పట్టమని పెద్దవాళ్ళు చెప్పేది గుటక కోసమే.

పైలట్ ముందు ఒక గుండ్రటి మీటర్, దానిలో రెండు ముళ్ళు. ఒకటి క్యాబిన్ ఎత్తు, రెండోది లోపలికీ బయటికీ ఒత్తిడిలో ఎంత తేడా ఉందో చూపిస్తుంది. పక్కన చిన్న మీటర్, క్యాబిన్ ఎంత వేగంగా ఎక్కుతోందో దిగుతోందో చెప్పడానికి. కింద రెండు నాబ్‌లు, ఒకటి క్యాబిన్ ఎత్తుకి, ఒకటి వేగానికి.

ఇప్పుడు బెంగళూరు నుంచి రేణిగుంటకు వస్తున్నాం అనుకోండి. బెంగళూరు మూడు వేల అడుగులు, రేణిగుంట 350. దిగేముందు నాబ్‌ని రేణిగుంటకి తగ్గట్టు తిప్పాలి. మర్చిపోయి మూడు వేల దగ్గరే వదిలేస్తే, విమానం దిగుతూ దిగుతూ మూడు వేల అడుగుల దగ్గర క్యాబిన్‌ని అందుకుంటుంది. అక్కడి నుంచి బయట ఒత్తిడి ఎక్కువ, లోపల తక్కువ. రేకుని లోపలికి నొక్కనివ్వకూడదు కాబట్టి ఇంకో వాల్వ్ తెరుచుకుని బయటి గాలిని లోపలికి రానిస్తుంది, ఇక క్యాబిన్ కూడా విమానం దిగినంత వేగంగా దిగాల్సిందే, మూడు వందలు అన్న మాటే ఉండదు. వెనక సీట్లో పెద్దవాళ్ళు చెవులు పట్టుకుంటారు. పిస్టన్ విమానంలో ఇంకో చిక్కు ఉంది: తొందరగా దిగాలని పైలట్ ఇంజిన్ పవర్ ఒక్కసారిగా తగ్గించేస్తే గాలి రాక తగ్గిపోతుంది. వాగు ఎండిపోయాక తూము ఎంత బిగించినా మట్టం పడిపోతూనే ఉంటుంది కదా, అలాగే. అందుకే తెలిసిన పైలట్లు పవర్ కొద్దికొద్దిగా తగ్గిస్తూ, దిగడం ముందే మొదలుపెడతారు.

చెవి నొప్పి భరించొచ్చు. ఒత్తిడి తెలియకుండా కారిపోవడమే భయపెట్టేది. కిటికీ పగిలితే చప్పుడొస్తుంది, మంచు కమ్ముతుంది, అందరికీ తెలుస్తుంది. తలుపు రబ్బరు సీల్ దగ్గరో వాల్వ్ దగ్గరో మెల్లగా పోతుంటే ఏ చప్పుడూ ఉండదు. 25,000 అడుగుల దగ్గర ఆక్సిజన్ మాస్క్ లేకుండా బుద్ధి సరిగా పనిచేసేది మూడు నుంచి అయిదు నిమిషాలు, 35,000 దగ్గర అర నిమిషం నుంచి నిమిషం. స్పృహ తప్పడానికి ఆ తర్వాత ఇంకా సమయం ఉండొచ్చు, కానీ ఆ సమయంలో మనిషి ఏ నాబ్ ఎటు తిప్పాలో తేల్చుకోలేడు. పైగా చాలామందికి అప్పుడు హాయిగా ఉంటుంది, అంతా బాగానే ఉందనిపిస్తుంది. గోళ్ళు నీలమవుతున్నా పట్టించుకోరు. ఏదో తేడాగా ఉందని గుర్తుపట్టాల్సిన మెదడే ముందు మొద్దుబారిపోతుంది.

2014 సెప్టెంబర్ 5న అమెరికాలో టీబీఎం 900 అనే చిన్న టర్బోప్రాప్ విమానం 28,000 అడుగుల మీద ఎగురుతోంది, లోపల ఇద్దరే. ఒక సూచిక సరిగ్గా లేదు, 18,000కి దిగాలి అని పైలట్ రేడియోలో అడిగాడు. గొంతులో టెన్షన్ లేదు. ముందు 25,000కి దిగమన్నారు, దిగాడు. కొద్దిసేపటికి సమాధానాలు ఆగిపోయాయి. విమానం తనంతట తానే గంటల తరబడి ఎగిరి జమైకా దగ్గర సముద్రంలో పడింది. పెద్ద విమానాలూ దీనికి అతీతం కాదు. 2005 ఆగస్టు 14న సైప్రస్ నుంచి ఏథెన్స్ వెళ్తున్న బోయింగ్ 737లో ప్రెషర్ స్విచ్ ఆటోలో కాక మాన్యువల్‌లో ఉండిపోయింది. తూము కొంత తెరుచుకునే ఉంది. హారన్ మోగింది గానీ, అదే చప్పుడు టేకాఫ్‌కి సంబంధించిన ఇంకో హెచ్చరికకి కూడా ఉండటంతో పైలట్లు పొరపడ్డారు. 121 మంది పోయారు. ఆ స్విచ్ గురించి చదివిన రోజు నాకు చాలాసేపు వేరే పని మీదికి మనసు పోలేదు.

అందుకే శిక్షణలో పదే పదే చెప్పేది ఒక్కటే వరుస: క్యాబిన్ ఎత్తు 10,000 అడుగులు దాటి హెచ్చరిక వస్తే ముందు మాస్క్ ముఖానికి, తర్వాతే మిగతావన్నీ. కారణం వెతకడం కాదు, రేడియోలో అడగడం కాదు. మాస్క్ పెట్టుకుని ఊపిరి పీల్చి, విమానాన్ని పదివేల అడుగులకు దించడం మొదలుపెట్టి, అప్పుడు ఎమర్జెన్సీ అని చెప్పాలి. కోవిడ్ రోజుల్లో ఇంటింటికీ వచ్చిన పల్స్ ఆక్సీమీటర్‌ని కొందరు ప్రైవేట్ పైలట్లు వేలికి పెట్టుకుని ఎగురుతారు. తనకెలా అనిపిస్తోందన్నది నమ్మకుండా అంకె చూసుకోవడం నాకు ఎంతో తెలివైన పనిగా అనిపిస్తుంది.

ఇక నేల మీదికి వచ్చేద్దాం. తిరుగు ప్రయాణంలో, రేణిగుంట 350 అడుగుల దగ్గర పెట్టిన నాబ్‌ని మార్చకుండా బెంగళూరులో దిగారనుకోండి. లోపల ఒత్తిడి బయటికంటే 1.3 పీఎస్ఐ ఎక్కువ. వినడానికి ఎంతో చిన్న అంకె. కానీ రెండడుగుల వెడల్పు, నాలుగడుగుల ఎత్తు ఉన్న తలుపు మీద అది దాదాపు 700 కిలోల తోపు. చక్రాలు నేలకి తగలగానే ఒక స్విచ్ వాల్వ్ తెరిచి ఆ గాలిని బయటికి వదిలేస్తుంది, చెవుల్లో టప్‌మంటుంది. ఆ ఏర్పాటు పనిచేయకపోతే తలుపు తెరిచేవాళ్ళకి ప్రాణం మీదికి వస్తుంది. 2000 నవంబర్‌లో మయామీలో ఒక పెద్ద విమానం నేల మీదే ఉండగా, లోపల ఒత్తిడి మిగిలి ఉండి, తలుపు తెరిచిన సిబ్బందిలో ఒకరు బయటికి విసిరేసినట్టు పడి చనిపోయారు. కాబట్టి ఇంజిన్ ఆగాక, వెనక వాళ్ళు బ్యాగులు సర్దుకుంటున్నా తొందరపెడుతున్నా, పైలట్ ముందు ఒత్తిడి తేడా చూపే ఆ రెండో ముల్లు చూస్తాడు. అది సున్నా మీద పడుకున్నాకే తలుపు పిడి మీద చెయ్యి వేస్తాడు.