దోమతెరకు మందు ఎలా ఎక్కింది?

నెల్లూరు తీరంలో రొయ్యల గుంతలకు కాపలా పడుకునేవాళ్లు కట్టమీద మంచానికి నాలుగు కర్రలు కట్టి దోమతెర దించుకుంటారు. వట్టి తెర అయితే మోచెయ్యి గుడ్డకు ఆనిన చోట దోమ బయటినుంచే కుడుతుంది. మందు పట్టించిన తెరమీద వాలితే మందు కాళ్లకు అంటి చస్తుంది. ఊళ్లో ఎక్కువమంది వాడితే తెర లేని ఇంటికీ మేలే.

1897 ఆగస్టు 20న సికింద్రాబాదులో రోనాల్డ్ రాస్ అనే వైద్యుడు అనాఫిలిస్ జాతి దోమ కడుపులో మలేరియా క్రిమిని చూశాడు. దోమల మీద దేశమంతటా పోరు మాత్రం 1953లో జాతీయ మలేరియా నియంత్రణ కార్యక్రమంతోనే మొదలైంది. చదరపు మీటరుకు ఒక గ్రాము చొప్పున ఇంటి గోడలకు డీడీటీ అనే పురుగుల మందు కొట్టారు. 1961కి కేసులు 50 వేలకు దిగాయి. 1976లో మళ్లీ 64 లక్షలు దాటాయి. దోమ ఆ మందును తట్టుకోవడం నేర్చింది. దానికి తోడు, మందు కొట్టిన గోడను పేడతో అలికినా, పండక్కి సున్నం వేసినా మందు ఆ పూత కిందికి పోయేది. తప్పు ఇల్లాలిది కాదు, అలా ఎందుకు చేయకూడదో ఎవరూ కూర్చుని చెప్పలేదు.

గోడమీద నిలవని మందును తెరమీద నిలపాలన్న ఆలోచన 1980లలో బలపడింది. 1990లలో ఆఫ్రికాలో జరిగిన పెద్ద పరీక్షల్లో పసిపిల్లల మరణాలు ఐదోవంతు దాకా తగ్గాయి. మన దగ్గర తెరను డెల్టామెత్రిన్ అనే దోమల మందులో ముంచే పద్ధతి వచ్చింది. ముందు తెరను ఉతికి ఆరబెట్టాలి. ఒంటి మంచం నైలాన్ తెరకు అర లీటరు నీళ్లలో 2.5 శాతం మందు 10 మిల్లీలీటర్లు కలపాలి. చేతులకు గ్లవుజులు తొడుక్కుని తెరను ముంచి, పిండి, నీడన చాపమీద పరిచి ఆరబెట్టాలి. తడిగా వేలాడదీస్తే మందంతా కింది అంచుకు జారి పైభాగం వట్టిదవుతుంది. ఇంత చేసినా ఆరు నెలలకు మళ్లీ ముంచాలి, రెండు మూడు ఉతుకులకే మందు పోతుంది. ఈ పద్ధతి దెబ్బతిన్నది ఇక్కడే.

అందుకే నూలులోనే మందు కలిపిన, లేదా ఫ్యాక్టరీలోనే గట్టిగా పట్టించిన తెరలు వచ్చాయి. 2009 నుంచి ప్రభుత్వ కార్యక్రమంలో పంచుతున్నారు. 20 ఉతుకులు, మూడేళ్లు పనిచేస్తాయి. కొత్తదాన్ని ఒక రోజు నీడన ఆరేసి వాడాలి. బ్లీచింగ్, వేడినీళ్లు, ఎండ పనికిరావు. పగలు కుట్టే డెంగీ దోమకు రాత్రి తెర అడ్డుకాదు, దానికి ఇంట్లో నీళ్లు నిలవకుండా చూసుకోవడమే దారి.

గుంతల దగ్గర ఇంకో జాగ్రత్త. ఈ మందు దోమ నరాలను ఎలా దెబ్బతీస్తుందో రొయ్య నరాలనూ అలాగే తీస్తుంది. తెరను గుంతలో, గుంతకు నీళ్లు పెట్టే కాలవలో జాడించకూడదు. ఇంటి దగ్గర బకెట్లో చల్లని నీళ్లు, మామూలు సబ్బుతో ఉతికి, ఆ నీళ్లు బావికీ కాలవకూ దూరంగా తీసిన గుంటలో పోయాలి.