నిజం చెబితే ఆర్డర్ పోతుందా? ఉదయగిరి చెక్క సామాను, విదేశీ ఆర్డర్లు: అపోహలు - వాస్తవాలు

పోయిన నెల నెల్లూరు జిల్లా ఉదయగిరిలో ఒక అక్క వాళ్ళింటి పంచలో కూర్చుని, కుప్పలోంచి ఒక గరిటె తీసి తేమ మీటరు సూదులు గుచ్చాను. 19 శాతం. 12కు దిగితేగానీ పంపలేం. "నెల దినాల నుంచి నీడలోనే ఆరబెట్టినామన్నా" అంది అక్క. మీటరు ఆమె వైపు తిప్పాను. కాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత గొంతు తగ్గించి, "పదిరోజులే అయింది. ఈ మాట ఆ దేశమోళ్ళకు చెప్పబాకన్నా, ఆర్డర్ పోద్ది" అంది.

పదేళ్ళకు పైగా నా పని ఇదే. విదేశాల్లో చెక్క సామాను కొనేవాళ్ళకు ఇక్కడ స్థానిక ప్రతినిధిని. వాళ్ళ డిజైన్లు ఉదయగిరికి తెస్తాను, ఇక్కడి సరుకు చూసి, లెక్కపెట్టి చెన్నై రేవుకు పంపుతాను. డబ్బు ఎగ్గొట్టిన కొనుగోలుదారు వల్ల దెబ్బతిన్న ఇళ్ళ కంటే ఈ ఒక్క భయం వల్ల దెబ్బతిన్న ఇళ్ళే ఎక్కువ చూశాను. అందుకే ముందు దీని సంగతి.

అపోహ: ఆలస్యమైనా, సరుకులో లోపమున్నా ప్రతినిధికి చెప్పకూడదు. చెబితే ఆర్డర్ రద్దవుతుంది.

వాస్తవం: ముందే చెబితే ఆర్డర్ పోవడం చాలా అరుదు. ఆఖరు రోజున బయటపడితే మాత్రం దాన్ని నిలబెట్టడం నా వల్ల కాదు.

క్రిస్మస్ సరుకు నవంబరు కల్లా అక్కడి అంగళ్ళలో ఉండాలి. చెన్నైలో ఓడెక్కిన పెట్టె యూరప్ చేరడానికి నెల పైనే పడుతుంది. కాబట్టి మనం సెప్టెంబరులో ఇస్తామన్న సరుకు కోసం అక్కడ ఓడలో చోటు, గోడౌను, అంగట్లో అర అన్నీ ముందే మాట్లాడి పెట్టుకుంటారు. ఆగస్టులోనే "సగమే అవుద్ది" అని తెలిస్తే వాళ్ళకు చాలా దార్లున్నాయి. సగం ఇప్పుడు, సగం జనవరిలో తీసుకోవచ్చు. ఫోర్కులు తగ్గించి స్పూన్లు పెంచుకోవచ్చు. ఓడ వెళ్ళే ముందురోజు తెలిస్తే విమానంలో పంపమంటారు, లేదా వద్దంటారు. విమానం ఖర్చు గరిటెల ఖరీదును మించిపోతుంది.

కొన్నేళ్ళ కిందట ఒక గ్రూపుకు 3,000 సలాడ్ ఫోర్కుల ఆర్డర్ ఇప్పించాను. వారం వారం ఫోన్ చేస్తే "అయిపోతా ఉండాయన్నా" అనేవాళ్ళు. గడువుకు నాలుగు రోజుల ముందు వెళితే 1,100 ఉన్నాయి. కట్టె దొరకలేదట, ఇద్దరికి జ్వరాలట. రాత్రంతా లైట్లు వేసుకుని పచ్చి కట్టెతో మిగతావి చేసేశారు. నేనూ గడువు చూసుకుని సరేనన్నాను, అది నా తప్పే. నవంబరులో ఫోటోలొచ్చాయి. మూతవేసిన పెట్టెల్లో పచ్చి కట్టె తేమకు నల్లగా బూజు పట్టింది. బూజు పట్టనివి అక్కడి ఇళ్ళలో పగిలాయి. చలి దేశాల్లో హీటర్ల వల్ల ఇంట్లో గాలి ఎండిపోయి, కట్టెలో తేమ 6 నుంచి 8 శాతానికి దిగిపోతుంది. మన పంచలో బాగున్న ఫోర్కు అక్కడ బీటలు వారుతుంది. డబ్బు మొత్తం ఆగిపోయింది. ఆ గ్రూపు బ్యాంకు అప్పు తెచ్చుకుని ఉంది. వాళ్ళ ముఖాలు ఇప్పటికీ నా కళ్ళ ముందు ఉంటాయి.

అదే ఏడాది ఇంకో ఇంట్లో ఆయన బండి మీద నుంచి పడి చెయ్యి విరిగింది. ఆ తెల్లారే ఆమె ఫోన్ చేసి ఏడుస్తూ చెప్పింది. ఆ రాత్రే కొనేవాళ్ళకు రాశాను. సగం తీసుకుని మిగతాది జనవరికి జరిపారు, రేటు తగ్గించలేదు. ఇప్పటికీ ఆ ఇంటికి ఆర్డర్లు వస్తూనే ఉన్నాయి.

"నువ్వు కొనేవాళ్ళ మనిషివి కదా, నీకెందుకు చెప్పాల" అని అడుగుతారు. నిజమే, నా కమీషన్ వాళ్ళే ఇస్తారు. కానీ సరుకు వెనక్కి తిరిగితే నాకూ ఏమీ రాదు. నాకు తెలియని కష్టం గురించి నేనెవరితో మాట్లాడగలను?

కొనేవాళ్ళకూ ఒక అపోహ ఉంది. "సరే అన్నారు, చెయ్యలేదు, అబద్ధమాడారు" అంటారు. మన దగ్గర ఎదుటి మనిషి ముఖాన కాదనడం మర్యాద కాదు. చాలాసార్లు "సరేన్నా" అంటే "నీ మాట విన్నాను" అని మాత్రమే. అందుకే నేను "అవుద్దా?" అని అడగడం మానేశాను. "ఈరోజుకు ఎన్ని అయినాయి, కట్టె ఎన్నిటికి ఉండాది?" అని అడుగుతాను.

మిగతావి క్లుప్తంగా. ఆర్డర్ ఇప్పిస్తానని చేతివృత్తివాళ్ళ దగ్గరే "రిజిస్ట్రేషన్" డబ్బు అడిగేవాణ్ని నమ్మొద్దు, రూపాయి కూడా ఇవ్వొద్దు. ఎగుమతి లైసెన్సుకు లక్షలవుతాయన్నది పుకారు. పాన్ మీద డీజీఎఫ్‌టీ (విదేశీ వాణిజ్యం చూసే కేంద్ర ప్రభుత్వ కార్యాలయం) వెబ్‌సైటులో ఐఈసీ, అంటే ఎగుమతి దిగుమతుల కోడ్, తీసుకోవచ్చు, ఫీజు 500 రూపాయలు. చిన్న పార్సిళ్ళకు తపాలా శాఖ డాక్ ఘర్ నిర్యాత్ కేంద్రాలున్నాయి. మన చెక్క సామానుకు జీఐ (ఊరి పేరుతో వచ్చే భౌగోళిక గుర్తింపు) ఉంది కాబట్టి విదేశంలో ఇంకెవరూ ఆ పేరు వాడలేరనుకుంటారు. 1999 నాటి జీఐ చట్టం మన దేశంలోనే చెల్లుతుంది, బయట రక్షణ కావాలంటే అక్కడ వేరే నమోదు చేసుకోవాలి. మెరుపు కోసం వేరుశనగ నూనె రుద్దకండి. అది ముక్కిపోతుంది, పైగా వేరుశనగ పడక ప్రాణం మీదికి వచ్చేవాళ్ళు అక్కడ ఎందరో ఉన్నారు. పెట్టెను ఊళ్ళో వడ్రంగి చేత కొట్టించి పంపితే రేవులో ఆపేస్తారు. ప్యాకింగు చెక్కను లోపలిదాకా 56 డిగ్రీల వేడిలో 30 నిమిషాలు ఉంచి ముద్ర వేయించాలి, లేదా అట్టపెట్టెలు వాడాలి. ఇక ఎర్రచందనం గరిటె ఒకటి కలిపితే రేటు వస్తుందనే మాట ఎవరన్నా అంటే అక్కడి నుంచి లేచి వచ్చేయండి. మన వెలికొండల్లో పెరిగే ఆ చెట్టు, అరుదైన మొక్కలు, జంతువుల వ్యాపారాన్ని కట్టడి చేసే సైట్స్ అనే అంతర్జాతీయ ఒప్పందం జాబితాలో ఉంది. ఒక్క గరిటెతో కేసు మీ ఇంటికొస్తుంది.

పంచలో ఆ అక్క విషయానికొస్తే, ఆ సాయంత్రమే కొనేవాళ్ళకు ఉన్నదున్నట్టు రాశాను. తేమ 19 ఉంది, 12కు దిగాలి, మూడు వారాలు కావాలని. మర్నాటికి సరేనని జవాబొచ్చింది. నా దగ్గరున్న రెండో మీటరు అక్కకిచ్చి వచ్చాను. నిన్న ఆమే ఫోన్ చేసింది: "అన్నా, 12 చూపిస్తా ఉండాది. ఆరేటప్పుడు ఏడు పగిలినాయి. లెక్కలోంచి తీసేసినా, వాళ్ళకు చెప్పు."